నాటకం ఊరికి వెళ్తే రెండో రాత్రి కూడా ఉండాలి

ప్రయోగాత్మక నాటకం అనగానే అందరికీ హైదరాబాదే గుర్తొస్తుంది. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోటు, చాపల మీదో ప్లాస్టిక్ కుర్చీల్లోనో యాభై అరవై మంది, వాళ్లలో చాలామంది వేరే ట్రూపుల వాళ్లు లేదా వాళ్ల స్నేహితులు, నాటకం అయ్యాక టీ, ఆ టీ చుట్టూ గంటసేపు చర్చ. నాకు ఆ చోట్లంటే ప్రాణం, నేను లైటు పట్టుకోవడం నేర్చుకుంది అక్కడే. కానీ ఇప్పుడు కొన్నేళ్లుగా ఒక చిన్న ట్రూపుతో రాయలసీమ ఊళ్లు తిరుగుతున్నాను. లైట్లు నావి, అవసరమైతే డప్పు, వంట, వ్యాన్‌లో సామాను సర్దడం కూడా. ఈ తిరుగుడులో నాకు రోజురోజుకీ గట్టిపడుతున్న అభిప్రాయం ఒకటుంది. ఇలాంటి నాటకం హైదరాబాద్ కంటే చిన్న ఊళ్లలోనే ఎక్కువ ఆడాలి, ఆ ఊళ్లో ఒక్క రాత్రి ఆడేసి మూట కట్టుకుని వెళ్లిపోతే సగం పని కూడా చేసినట్టు కాదు. కనీసం రెండు రాత్రులు ఉండాలి.

మొదటి సగం చెప్పగానే వచ్చే జవాబు నాకు తెలుసు. "జనానికి అర్థం కాదు." ఈ మాట అనేవాళ్లు నాటకం అంటే పడనివాళ్లేం కాదు, చాలామంది నాటకం కోసం ఉద్యోగాలు, ఆరోగ్యాలు పాడుచేసుకున్నవాళ్లే. అందుకే ఈ మాట వింటే నాకు కోపం కంటే బాధ ఎక్కువ. మనం ఎక్కడి నుంచి వచ్చామో మనమే మర్చిపోయినట్టుంటుంది. స్టేజీ మీద సోఫా, కిటికీ, గోడకి క్యాలెండర్ పెట్టి, ముందు తెర కట్టి, ఇదొక ఇల్లు అని నమ్మించే పద్ధతి తెలుగువాళ్లకు వచ్చి నూట యాభై ఏళ్లు కూడా సరిగ్గా కాలేదు. ధార్వాడ కంపెనీ, పార్శీ కంపెనీలు వచ్చి ఆడాక, 1880ల్లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వంటివాళ్లు తెర నాటకాలు మొదలుపెట్టాక వచ్చిన అలవాటు అది. అంతకుముందు కొన్ని వందల ఏళ్లు ఊరి జనం చూసిందేమిటి? వీధి భాగవతం, చిందు, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట. ఒక్క మనిషి తలపాగా సర్దుకుంటే రాజు, కొంగు కప్పుకుంటే రాజు తల్లి, భుజం తిప్పితే గుర్రం. బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకాయన హాస్యం, ఒకాయన రాజకీయం. కథ బొబ్బిలి యుద్ధంలో నడుస్తుంటుంది, రాజకీయం చెప్పే వంత మధ్యలో ఆపి ఊళ్లో రేషన్ బియ్యం గురించి అడుగుతాడు, కథకుడు జవాబు చెప్పి మళ్లీ యుద్ధంలోకి వెళ్తాడు. ఎవరికీ తికమక లేదు.

ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ పేరు పేపర్లలో కనబడింది. ఇప్పుడు అక్కడి కుటుంబాలు ఎక్కువగా తోలు మీద లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నాయి, ఆటలు తగ్గిపోయాయి. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో అరవై దాటిన వాళ్లు రాత్రంతా కూర్చుని బొమ్మలాట చూసినవాళ్లే. హనుమంతుడికి ఒక్క బొమ్మ సరిపోదని వాళ్లకు తెలుసు. సీతమ్మ దగ్గర చిన్న హనుమంతుడు, లంక కాల్చేటప్పుడు పెద్ద హనుమంతుడు. రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతుల మీద జోకులేసి పోతారు. మనం వర్క్‌షాపుల్లో కష్టపడి నేర్చుకునేవన్నీ ఇవే కదా. ఒక పాత్రను నలుగురు ఆడటం, కథను ఆపి ప్రేక్షకుడితో మాట్లాడటం, వస్తువు ఒకటే ఉండి పది వస్తువులవ్వడం, వీటికి కళ్లు అలవాటైన జనం ముందు ఆడటానికి మనం భయపడుతున్నాం.

మా నాటకం సంగతే చెప్తాను. కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన ఒకామె కథ అది. రాయచోటి, కదిరి వైపు ఇది ఎవరికీ కొత్త కథ కాదు, వీధికి రెండిళ్లలో ఖద్దామా పనికి వెళ్లిన అమ్మో అక్కో ఉంటుంది, ఇంటిపనివాళ్లకిచ్చే ఖాదిమ్ వీసా అంటే చిన్నపిల్లలు కూడా వివరం చెప్తారు. మా సామానల్లా ఒక నులక మంచం. అదే బస్సు, అదే విమానం, అదే కువైట్ ఇంట్లో ఆమె పడుకునే స్టోర్ రూము, నిలబెడితే అదే తలుపు. ఆమె పాత్రను నలుగురు అమ్మాయిలు ఆడతారు, ఒకేసారి నలుగురూ ఉంటారు. హైదరాబాద్‌లో ఆడినప్పుడు నాటకం తర్వాత చర్చంతా ఈ నలుగురి చుట్టూనే తిరిగింది. నలుగురిలో అసలు ఆమె ఎవరు, మిగతా ముగ్గురు ఆమె మనసా, జ్ఞాపకమా, ఎందుకీ గందరగోళం అని. మంచి ప్రశ్నలే, మేమూ ఓపిగ్గా మాట్లాడాం.

రాయచోటి దగ్గర ఒక పల్లెలో బడి ఆవరణలో ఆడాం. అయిపోయాక చప్పట్లు పెద్దగా లేవు, జనం లేచి పిల్లల్ని వెతుక్కుంటున్నారు. నేను వైర్లు చుట్టుకుంటుంటే ఒక పెద్దామె వచ్చి మంచం మీద కూర్చుంది, పక్కన నిలబడ్డ మా ట్రూపు అమ్మాయిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. కువైట్‌లో చాలా ఏళ్లు చేసి వచ్చిందట. మేం బితుకుబితుకుమంటూనే అడిగాం, నలుగురు ఉన్నారు కదా, అర్థమైందా అని. ఆమె మావైపు వింతగా చూసింది. "కువైట్‌కి పోయినామె ఒగతే ఉంటాదా మ్మా? మామా ముందర ఒగామె, పిల్లోళ్ల కాడ ఒగామె, రాత్రి పూట ఒగామె. మీరు నలుగురినే పెట్నారు, అంతే." మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు. అక్కడితో ఆగలేదు. "ఆ ఫోన్‌లో మాట్లాడే బిడ్డ ఏడుస్తాది గదా, అది తప్పు. ఫోన్‌లో ఎవురూ ఏడ్సరు. ఫోన్ పెట్టేసినాంక ఏడుస్తారు."

ఈ రెండో మాట సంగతి కాసేపట్లో మళ్లీ చెప్తాను, దానికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. అంతకంటే ముందు వ్యాన్ గురించి చెప్పాలి.

చిన్న ట్రూపు నాటకం ఎలా ఉండాలనేది సగం దాని బండే నిర్ణయిస్తుంది. ఇది తక్కువతనం అని నేననుకోను. ఢిల్లీలో జన నాట్య మంచ్ వాళ్లు ఎమర్జెన్సీకి ముందు పెద్ద పెద్ద మైదానాల్లో పెద్ద నాటకాలు ఆడేవాళ్లు. ఎమర్జెన్సీ తర్వాత కార్మిక సంఘాల దగ్గర డబ్బు లేదు, పెద్ద నాటకం పెట్టించే శక్తి లేదు. అయితే చిన్నవి చేద్దాం అనుకున్నారు. 1978లో 'మెషీన్' వచ్చింది, పదమూడు పద్నాలుగు నిమిషాల నాటకం, యంత్రాన్ని కూడా మనుషులే తమ ఒళ్లుతో కడతారు. ఒక ఫ్యాక్టరీలో కార్మికులు సైకిళ్లు పెట్టుకోవడానికి స్టాండు, టీ తాగడానికి క్యాంటీన్ అడిగితే కాల్పులు జరిగిన ఘటన నుంచి పుట్టింది. డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన రూపం అది, కానీ డబ్బున్నా దాన్ని అంతకంటే బాగా చెయ్యలేరు. బాదల్ సర్కార్ సంగతీ అంతే. ఆయన ఇంజనీరు, టౌన్ ప్లానింగ్ చేసినవాడు, బెంగాలీలో పేరున్న నాటక రచయిత. 1970ల మొదట్లో తెరను, లైట్లను, సెట్‌ను, టికెట్టును ఒక్కొక్కటిగా వదిలేసుకుంటూ వచ్చాడు. శతాబ్ది అనే తన ట్రూపుతో కలకత్తాలో పార్కులో ఆడాడు, బెంగాల్ పల్లెల్లో నడుచుకుంటూ ఊరి నుంచి ఊరికి వెళ్లి ఆడాడు. మోసుకుపోలేనిది నాటకంలో ఉండకూడదు అనేంత గట్టి లెక్క ఆయనది.

మేం అంత కఠినంగా లేం, లైట్లు ఉంచుకున్నాం. నేనే వదలనివ్వలేదు అనాలి. పాతరోజుల్లో ఒక్క హాలోజెన్ పార్ లైటు వెయ్యి వాట్లు తినేది. పల్లెటూరి బళ్లో మనకు దొరికేది ఒక ఐదు ఆంపియర్ల ప్లగ్గు, ఒక్క లైటు పెడితే దాని పని అయిపోతుంది, రెండోది పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎల్‌ఈడీ పార్‌లు వచ్చాక మా బతుకే మారిపోయింది. ఒక్కోటి వంద వాట్లలోపే, నాలుగు పెట్టినా ఆ ప్లగ్గు భరిస్తుంది, ఎత్తుకెళ్లడానికి తేలిక, ముట్టుకుంటే చెయ్యి కాలదు. నా సంచీలో ముందుండేవి టెస్టర్, ఇన్సులేషన్ టేపు, ఫ్యూజు వైరు, మనిషి ఎత్తు చుట్ట ఉండే ఎక్స్‌టెన్షన్ వైరు. ఊళ్లోకి దిగగానే అందరూ టీ కోసం వెళ్తే నేను మెయిన్ బోర్డు ఎక్కడుందో చూసుకుంటాను. వోల్టేజి ఏ టైముకి పడిపోతుందో ఊళ్లో మోటార్లు వేసే రైతుని అడిగితే నిమిషం తేడా లేకుండా చెప్తాడు. ఒక ఆడమనిషి నిచ్చెనెక్కి లైటు కడుతోందని పిల్లలు గుంపుగా చేరతారు, వాళ్లలో ఒకరికి టార్చి, ఒకరికి టేపు చుట్ట ఇస్తే సాయంత్రానికి ఊరంతటికీ నాటకం గురించి వాళ్లే చెప్పేస్తారు.

వాన పడ్డ మర్నాడు ఉసుళ్ల గొడవ. తెల్ల లైటు వేస్తే చాలు, వేలకు వేలు వచ్చి నటుల నోట్లోకి, కళ్లలోకి. అందుకే ఆ రోజుల్లో తెలుపు మానేసి పసుపు, నారింజ మీద నడిపిస్తాను, బడి వెనక గోడ దగ్గర ఒక తెల్ల బల్బు ఊరికే వెలిగించి పెడతాను. ఉసుళ్లన్నీ అక్కడికి పోతాయి. ఇది ఒక ఊళ్లో ఒకాయన చెప్పిన కిటుకు. దీనివల్ల మా నాటకంలో విమానం దృశ్యం రంగే మారిపోయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఆడినా దాన్ని నారింజలోనే ఆడతాం.

ఇక రెండో రాత్రి సంగతి.

తెలుగు నాటకానికి ప్రయాణం కొత్త కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది, ఆ తర్వాత కోస్తాలో ఊరూరా పరిషత్తులు వచ్చాయి, నాటిక పోటీలు వచ్చాయి. సినిమా, టీవీ ఇంత గట్టిగా ఉన్నా మన దగ్గర నాటకం ఆడేవాళ్లు, కొత్తగా రాసేవాళ్లు ఇంకా మిగిలారంటే పరిషత్తుల పుణ్యం చాలా ఉంది, సొంత ఆస్తులు అమ్ముకుని పోటీలు నడిపిన పెద్దవాళ్లున్నారు, వాళ్లకు దండం. కానీ పోటీ కోసం చేసే ప్రయాణం వేరు. శ్రీకాకుళం నుంచి రాయలసీమ దాకా రాత్రంతా ప్రయాణం చేసి, తమ వంతు వచ్చేదాకా గ్రీన్‌రూమ్‌లో ఎదురుచూసి, ఒక గంట ఆడి, సెట్ విప్పుతుండగానే తర్వాతి ట్రూపు సెట్ ఎక్కిస్తుంటే దిగి, ఫలితాలు విని వెళ్లిపోవడం. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వాళ్ల వెనక పోటీకి వచ్చిన మిగతా ట్రూపులు. ఊరివాళ్లు ఉంటారు, కానీ వాళ్లు ఏమనుకున్నారో తెలుసుకునే టైము ఎవరికీ లేదు. నటుడు మెల్లగా మార్కులిచ్చే మనిషి కోసం ఆడటం నేర్చుకుంటాడు, అది అతని తప్పు కాదు, ఆ ఏర్పాటు అలాంటిది. నాటకం పది ఊళ్లు తిరిగి వచ్చినా మొదటి ఊళ్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది.

దీనికి పూర్తిగా వేరే దారి మన దగ్గరే ఉంది. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు గారి వాళ్లు 'కీచకవధ' ఆడటంతో మొదలైన సురభి కంపెనీలు ఒక ఊరికి వెళ్తే నెలల తరబడి ఉండేవి. రేకుల థియేటర్ కట్టుకుని, పిల్లాపాపలతో, పొయ్యి గిన్నెలతో సహా అక్కడే కాపురం. మొదటి రోజు జనం పలచగా ఉన్నా భయం లేదు, చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్తారు, నాలుగో రోజుకి పక్క పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వస్తారు. సురభిని పౌరాణికాలు, వైర్లు, ట్రిక్కులు అని కొట్టిపారేసేవాళ్లకు ఇంకొకటి గుర్తుచేయాలి. 1990ల్లో కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి ఆ కళాకారులతోనే పనిచేశారు, జర్మన్ రచయిత బ్రెష్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. మాయాబజార్ ఆడే చేతులు బ్రెష్ట్‌ని కూడా ఎత్తగలిగాయి. మాకూ సురభికీ ఏ పోలికా లేదు, వాళ్లది మహావృక్షం. కానీ ఊళ్లో ఉండిపోవడం అనే పద్ధతి మాత్రం వాళ్ల దగ్గర తీసుకోవాల్సిందే.

రాయచోటి పల్లెలో మేం ఆ రాత్రి ఉండిపోయాం, మర్నాడు మళ్లీ అక్కడే ఆడతామని ముందే అనుకున్నాం కాబట్టి. పొద్దున బడి వరండాలో మా డైరెక్టర్ ఆ ఫోన్ దృశ్యం ఒక్కటే తీశాడు. మా అమ్మాయి ఆ దృశ్యాన్ని ఎంతో ప్రేమగా తయారుచేసుకుంది, ఫోన్‌లో కొడుకు గొంతు వినగానే కుప్పకూలి ఏడ్చేది, హైదరాబాద్‌లో చాలామంది దానికే కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు ఏడవకూడదు. నవ్వుతూ మాట్లాడాలి, అన్నం తిన్నావా, ట్యూషన్‌కి పోయినావా, అవ్వ మందులు వేసుకుంటోందా, ఫోన్ పెట్టేయాలి, మంచం కోడు పట్టుకుని తోమడం మొదలుపెట్టాలి. ఏడుపు మిగతా ముగ్గురిలో ఒకరికి వెళ్లింది, అదీ చాలాసేపటి తర్వాత, వేరే దృశ్యంలో. మధ్యాహ్నం దాకా కుదరలేదు, మా అమ్మాయికి టెన్షన్, డైరెక్టర్‌కి చిరాకు. రాత్రి ఆడాం. ఆ పెద్దామె ముందు రోజు ఒక్కతే వచ్చింది, ఈ రాత్రి తన వీధిలో వాళ్లని ఐదారుగురిని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఫోన్ పెట్టేసి తోమడం మొదలవగానే ఆమె పక్కామెని మోచేత్తో పొడిచింది. నాకు డిమ్మర్ దగ్గర నుంచి అది స్పష్టంగా కనబడింది. ఆ తర్వాత ఎవరూ కదలలేదు, పిల్లలు కూడా.

మేం ఆ రాత్రి బయల్దేరి మదనపల్లె వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేది? ఆమె చెప్పింది వినేవాళ్లం, బాగా చెప్పిందే అని వ్యాన్‌లో మాట్లాడుకునేవాళ్లం, ఎవరో దాన్ని ఫేస్‌బుక్‌లో రాసేవాళ్లు కూడా, నాటకం మాత్రం అలాగే ఉండేది. మార్చాలంటే మార్చింది చూడ్డానికి ఆమె ఉండాలి. తన మాటకు నాటకంలో చోటు దొరికిందని ఆమెకు తెలియాలి. ఇది ఒక్క రాత్రిలో జరిగే పని కాదు. ప్రేక్షకుడితో సంభాషణ అని మేం అందరం అంటుంటాం, కానీ మనం మాట్లాడి, అవతలివాళ్లు జవాబు చెప్పేలోపు లేచి వెళ్లిపోతే దాన్ని సంభాషణ అని ఎలా అంటాం?

తిరిగి అదే చోటికి వెళ్లడం అనగానే నాకు జన నాట్య మంచ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన సఫ్దర్ హాష్మీ గుర్తొస్తాడు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఝండాపూర్ అనే కార్మికుల బస్తీలో 'హల్లా బోల్' ఆడుతుంటే దాడి జరిగింది, మర్నాడు ఆయన చనిపోయాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, మిగతా నటులు అదే చోటికి వెళ్లి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. మా చిన్న పనిని దాని పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఒక చోట మొదలుపెట్టిన ఆటకు అక్కడి జనం ముందు బాకీ ఉంటుంది అన్న సంగతి దానికంటే గట్టిగా ఇంకెవరూ చెప్పలేదు.

రెండు రాత్రులు ఉండాలంటే ఎక్కడుంటారు, ఏం తింటారు అనేది అసలు ప్రశ్న. ఇక్కడ ఆడవాళ్లం ఉన్న ట్రూపు కష్టాలు మగవాళ్లకు పూర్తిగా తెలియవు. ఒక పట్నంలో లాడ్జికి వెళ్తే కౌంటర్లో ఆయన అందరి ఆధార్‌లూ చూసి, వీళ్లకీ వీళ్లకీ ఏం చుట్టరికం అని అడిగాడు. ఏ చుట్టరికమూ లేదని చెప్తే రూము లేదన్నాడు. రాత్రి పదకొండు గంటలు. ఇలాంటి రాత్రులు ఒకటి రెండు జరిగితే అమ్మాయిల ఇళ్లలో ఇక పంపించరు, వాళ్లు ట్రూపు మానేస్తారు, కొత్తవాళ్లు రారు. ఎంత గొప్ప నాటకమైనా బాత్రూమ్ గొళ్లెం సరిగ్గా పడని చోట మూడు రోజులు పనిచేయమని ఎవరినీ అడగలేం. అందుకే మేం లాడ్జీలు మానేసి ఇళ్లలో ఉంటున్నాం. ఊళ్లో ఒక టీచరమ్మ ఇంట్లో నలుగురం, పోస్టుమాస్టర్ గారింట్లో ముగ్గురు, అలా. పొద్దున వాళ్లతో కలిసి టిఫిన్, వాళ్లవ్వ దగ్గర కూర్చుని పాత పాటలు, మధ్యాహ్నం రిహార్సల్ చూడ్డానికి వాళ్ల పిల్లలు. ఒక్క పూటలో మేం బయటివాళ్లం కాకుండా పోతాం. సాయంత్రం ఆ ఇంటివాళ్లు తమ చుట్టాలు స్టేజీ ఎక్కినట్టే వచ్చి కూర్చుంటారు.

అంటే ఊరికి ఒక మనిషి కావాలి. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి బడి ఇప్పించే మనిషి, ఎస్సై గారికి ముందే ఒక కాగితం ఇచ్చే మనిషి, ఎనిమిదింటికి మొదలెడితే పాలు పోసి వచ్చేవాళ్లకు కుదురుతుంది, ఏడింటికి కుదరదు అని చెప్పగలిగిన మనిషి. ఒక ఊళ్లో ఆయన మందుల షాపు నడుపుతాడు, ఒక ఊళ్లో లైబ్రేరియన్, ఇంకో ఊళ్లో ఒకప్పుడు బుర్రకథలో వంత పాడిన దర్జీ. వాళ్ల పేర్లు కరపత్రంలో కూడా ఉండవు, వద్దంటారు. 1943లో ప్రజానాట్యమండలి మొదలైనప్పుడు ఇలాంటి మనుషులు ఊరూరా ముందే ఉన్నారు, రైతు సంఘాల్లో, కమ్యూనిస్టు పార్టీలో. అందుకే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని ఎన్నో దళాలు ఒకేసారి ఆంధ్రా పల్లెల్లో ఆడగలిగాయి, మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించేంతగా. నాజర్ గారి బుర్రకథకు వేలమంది కూర్చున్నారంటే ఆయన గొంతు ఎంత కారణమో, ఆ ఊళ్లో లాంతర్లు పెట్టి పట్టలు పరిచి సాయంత్రం అన్నం వండిన చేతులూ అంతే కారణం.

కర్ణాటకలో ఇది ఇప్పటికీ నడుస్తోంది. శివమొగ్గ జిల్లా సాగర దగ్గర హెగ్గోడు అనే వక్కతోటల పల్లె నుంచి నీనాసం అనే నాటక సంస్థ వాళ్ల 'తిరుగాట' 1985 నుంచి ఏటా బయల్దేరుతుంది. కె.వి. సుబ్బణ్ణ గారి ఆలోచన అది, ఆయనకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. కొన్ని నెలలపాటు ఆ ట్రూపు రెండు మూడు నాటకాలు వెంటబెట్టుకుని కర్ణాటక అంతా తిరుగుతుంది, షేక్‌స్పియర్ కావచ్చు, కన్నడ కథ కావచ్చు, ప్రతి ఊళ్లో స్థానిక సంఘం వాళ్లు వేదిక, బస, భోజనం చూసుకుంటారు. ఒక ఊళ్లో వరసగా రెండు రాత్రులు రెండు నాటకాలు ఆడతారు కూడా. 1985లో పదేళ్ల పిల్లాడిగా చూసినవాడికి ఇప్పుడు యాభై, తన పిల్లల్ని తీసుకొస్తాడు. అలా నలభై ఏళ్లు ఒక అలవాటు పడింది. హిందూపురం దాటితే కర్ణాటక, ఆ సరిహద్దుకు అటువైపు ఉన్న అలవాటు ఇటువైపు ఎందుకు లేదని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. మనకు నటుల కొరత లేదు, రాసేవాళ్ల కొరతా లేదు. పిలిచే ఊళ్లు ఒకదానికొకటి తెలియవు, అదీ సమస్య.

డబ్బు లెక్క కూడా రెండో రాత్రి వైపే ఉంది. వ్యాన్ బాడుగ, డీజిల్, టోలు, ఇవన్నీ ఊరు మారినప్పుడే. అదే ఊళ్లో రెండోసారి ఆడితే అయ్యేది అన్నం ఖర్చు. టికెట్ పెట్టం, నాటకం అయ్యాక తువ్వాలు పట్టుకుని తిరుగుతాం, ఇప్పుడు తువ్వాలు పక్కన ఫోన్‌పే క్యూఆర్ కోడ్ అట్ట కూడా. మొదటి రాత్రి పది రూపాయల నోట్లు ఎక్కువ. రెండో రాత్రి యాభైలు, వందలు కనబడతాయి, బియ్యం మూట, వేరుశనక్కాయలు, ఒకసారి మా వ్యాన్‌కి స్టెప్నీ టైరు పంక్చర్ ఉచితంగా. జీతాలు సరిపోతాయా అంటే సరిపోవు, మాలో ప్రతివాళ్లకూ ఇంకో పని ఉంది, సెలవులు పెట్టుకుని వస్తారు. గ్రాంటు వస్తే తీసుకుంటాం, తప్పేం లేదు. కానీ గ్రాంటు మీద ఆధారపడిన టూరు గ్రాంటు ఆగిన రోజే ఆగిపోతుంది.

వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టొచ్చు కదా, ఇన్ని తిప్పలెందుకు అని చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. పెట్టాం కూడా, చూసినవాళ్లు చూశారు. కానీ ఆ పెద్దామె యూట్యూబ్ కింద కామెంట్ రాయదు. రాసినా, ఆమె రాసింది మా అమ్మాయి ఆడి చూపించేటప్పుడు పక్కామెని మోచేత్తో పొడవదు.

ఈ ఏడాది సంక్రాంతి తర్వాత మళ్లీ బయల్దేరుతున్నాం, కోతలు అయిపోయి, బడుల్లో పరీక్షల టెన్షన్ ఇంకా మొదలుకాని రోజుల్లో. మీ ఊరికి రావాలంటే మాకు కావాల్సినవి ఇవి. ఇరవై అడుగులకు ఇరవై అడుగుల చదును నేల, మట్టిదైనా ఫర్వాలేదు, రాళ్లుండకూడదు, అమ్మాయిలు ఉత్త కాళ్లతో ఆడతారు. పనిచేసే ఒక ప్లగ్గు. మైకు అక్కర్లేదు. రెండిళ్లలో పడుకోవడానికి చోటు, గొళ్లెం పడే బాత్రూమ్. నాటకం అయ్యాక అన్నం, ముందు పెట్టొద్దు, తింటే ఆడలేరు. నులక మంచం మా దగ్గర ఉంది కానీ మీ ఊళ్లోది ఇస్తే ఇంకా మంచిది. ఒక్క రాత్రికైతే ఇంకెవరినైనా పిలుచుకోండి, మేం రెండు రాత్రులకే వస్తాం.